పట్టేసిన బోల్టులు, సీటు కింద ఉప్పు

వేలూరులో పాత కార్లు బాగుచేసే షెడ్డులో నా పనికాలమంతా గడిచింది. ఇప్పుడు పని మానేసి గుడియాత్తంలో మా చెల్లెలి ఇంటి పక్క వాటాలో ఉంటున్నాను. కారు కిందికి దూరతానంటే మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. చేతులు మాత్రం ఇంకా ఊరుకోవు. వీధిలో ఎవరింట్లో ఊరగాయ జాడీ మూత బిగుసుకుపోయినా నా దగ్గరికే పంపుతారు. నేనూ పెద్ద పని ఉన్నవాడిలా ముఖం పెట్టి తీసిస్తాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు నన్ను ఇంజను గురించి అడుగుతారు, రంగు గురించి అడుగుతారు. తుప్పు పట్టిన బోల్టు గురించి ఎవరూ అడగరు. పాత కారు బాగుచేయడమంటే సగం పని అదే. మంచి ఇంజను పని తెలిసినవాళ్లు ఈ జిల్లాలో చాలామంది ఉన్నారు. కదలనని మొండికేసిన బోల్టు ముందు కోపం రాకుండా కూర్చోగలిగినవాళ్లు తక్కువ. అందుకే అడగకపోయినా చెబుతున్నాను.

బడిలో చదివింది తమిళం, తెలుగు రాయడం మా అమ్మ నేర్పింది. మా షెడ్డులో తెలుగు మాట్లాడేవాళ్లు నిండా ఉండేవాళ్లు, చదవగలిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఇది చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు పైకి చదివి వినిపిస్తే నాకు అంతే చాలు.

ఏకాంబరం మేస్త్రీ

నాకు పని నేర్పింది ఏకాంబరం మేస్త్రీ. కాట్పాడి పోయే దారిలో ఆయన షెడ్డు ఉండేది. తమిళాయన. కోపిష్టి. చేతిలో ఉన్న స్పానరు ఎటు పోతుందో ఆయనకే తెలియదు, మేమే తల వంచుకోవాలి. బాగా చేశావని నోరు తెరిచి ఒక్కరినీ అన్న పాపాన పోలేదు. పని మధ్యలో అన్నానికి వెళ్లినవాణ్ని దొంగను చూసినట్టు చూసేవాడు. అది తప్పే. ఆకలితో ఉన్న చెయ్యి బోల్టులు విరుస్తుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పే ధైర్యం మాకు లేదు.

కానీ బోల్టు దగ్గరికి వచ్చేసరికి ఆయన వేరే మనిషి. ముందు స్పానరు తగిలించేవాడు కాదు. అరచెయ్యి దాని మీద పెట్టి కాసేపు ఊరికే ఉండేవాడు. తర్వాత వైరు బ్రష్షుతో మట్టి దులిపి, నూనె వేసి, చిన్న సుత్తితో తల మీద టక్ టక్ మని కొట్టి, ఇంకో పని చూసుకునేవాడు. మర్నాడు వచ్చి మళ్లీ నూనె, మళ్లీ టక్ టక్. అప్పుడు స్పానరు పట్టేవాడు. పట్టి ఏం చేసేవాడు? విప్పేవాడు కాదు. బిగించేవాడు.

"ముదల్ల టైట్ పణ్ణు" అనేవాడు. ముందు బిగించు అని. నాకు మొదట్లో ఈ మనిషికి పిచ్చేమో అనిపించింది. విప్పడానికి వచ్చి బిగించడం ఏమిటి? తర్వాత తెలిసింది. తుప్పు బోల్టు మీది మరచుట్ల మధ్య జిగురులాగా పట్టుకుని ఉంటుంది. ఒక్కసారిగా వెనక్కి తిప్పితే బోల్టు తన పట్టు వదలదు, మెడ విరగ్గొట్టుకుంటుంది. ముందు వెంట్రుకవాసి బిగిస్తే ఆ తుప్పు చిట్లుతుంది. ఆ చిన్న చప్పుడు చెవికి వినిపిస్తుంది, చేతికి ఇంకా బాగా తెలుస్తుంది. అప్పుడు కొంచెం విప్పి, మళ్లీ కొంచెం బిగించి, నూనె వేసి, మళ్లీ కొంచెం విప్పాలి. ఊయల ఊపినట్టు ముందుకీ వెనక్కీ. ఆలస్యం అమృతం విషం అంటారు గానీ, ఆ మాట అన్న మహానుభావుడు తుప్పు పట్టిన బోల్టు ఎన్నడూ విప్పి ఉండడు.

అంతటి మేస్త్రీ కూడా ఒక రోజు బోల్టు విరిచాడు. వేలూరులో ఒక లాయరుగారి కారు. ఇంజను తలకాయ బోల్టు. లాయరుగారు పక్కనే నిలబడి ఆయుధపూజ గురించి ఏదో మాట్లాడుతున్నారు, మేస్త్రీ బదులు చెబుతున్నాడు. నోరు ఒక చోట, చెయ్యి ఒక చోట. టక్కున తల ఊడి చేతిలోకి వచ్చింది.

ఇలాంటప్పుడు ఏం చేస్తారో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఊడిన తలను లప్పంతో అతికించి పైన రంగు కొడతారు. చూసేవాడికి బోల్టు ఉన్నట్టే ఉంటుంది. లాయరుగారు అటు తిరిగే ఉన్నారు, మేస్త్రీ ఆ ముక్కను జేబులో వేసుకున్నా ఎవరికీ తెలిసేది కాదు. ఆయన ఆ ముక్కను అరచేతిలో పెట్టి లాయరుగారి ముందు చాపాడు. నేనే విరిచాను, నేనే తీస్తాను, తీసేదాకా కారు ఇవ్వను అన్నాడు. అంతే. లోపల మిగిలిన బోల్టు మొదలుకు ఒక నట్టును వెల్డింగు చేసి, మర్నాడు సాయంత్రానికి దాన్ని బయటికి తీశాడు.

ఆ రోజు మాతో ఒక మాట అన్నాడు. విరిగింది యజమాని కంట్లో పడ్డాకే సరిచేయండి అని. ఆ మాటను నేను నా పనికాలమంతా పట్టుకుని ఉన్నాను. అది ఎంత బరువైన మాటో మాత్రం పని మానేశాకే తెలిసింది.

వేడి, మైనం, గాలి గన్ను

చేతిపని గురించి నాలుగు మాటలు చెప్పి అసలు సంగతికి వస్తాను.

నూనెకు లొంగని నట్టు వేడికి లొంగుతుంది. కానీ వేడి నట్టుకు పెట్టాలి, బోల్టుకు కాదు. నట్టు వేడెక్కితే సాగి వదులవుతుంది. బోల్టును కాలిస్తే అది లావై ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. నట్టు వేడిగా ఉన్నప్పుడు మైనం ముక్క తాకిస్తే అది కరిగి మరల సందుల్లోకి తనంతట తానే పాకిపోతుంది. ఏకాంబరం మేస్త్రీ కొవ్వొత్తి వాడేవాడు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలున్న గుడియాత్తంవాణ్ని గనక నాకు ఆ ఫ్యాక్టరీ మైనం అలవాటు. పుల్లలు ముంచడానికి వాడే మైనం గడ్డ ఒకటి నా పెట్టెలో ఎప్పుడూ ఉండేది. పెట్రోలు పైపు దగ్గర మాత్రం మంట పెట్టకండి. ధైర్యం వేరు, బుద్ధిలేనితనం వేరు.

ఇప్పటివాళ్లకు గాలి ఒత్తిడితో బోల్టులు తిప్పే గాలి గన్ను ఉంది. గన్ను మంచిదే, కొత్త కార్లకు. పాత కారు మీద దాన్ని పెట్టి గుర్రుమనిపిస్తే బోల్టు ఏం చెబుతుందో వినిపించదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

కదలని సీటు

పని మానేసి గుడియాత్తం వచ్చేశాక, ఒక పొద్దున విమల మా ఇంటికి వచ్చింది. ఈమె ఇక్కడ బజారులో లుంగీల కొట్టు నడుపుతుంది. అది వాళ్ల నాయన కృష్ణయ్య శెట్టిగారి కొట్టు. ఆయన పోయాక ఈమె చేతికి వచ్చింది, ఈమె చేతిలో బాగా నడుస్తోంది. నన్ను అన్నా అని పిలుస్తుంది.

శెట్టిగారి పాత అంబాసిడర్ సంగతి చెప్పింది. ముందు సీట్లు రెండూ విడివిడిగా ఉండే రకం. ఆయన ఆ కారులోనే లుంగీల మూటలు వేసుకుని పేర్ణాంబట్టు, తిరుపత్తూరు, వేలూరు తిరిగేవాడు. ఆయన పోయాక అది ఇంటి వెనక రేకుల కింద పడి ఉండింది. ఈ మధ్య వాళ్లమ్మ రుక్మిణమ్మగారికి ఒక కోరిక పుట్టింది. ఆమె పుట్టిల్లు మేల్పాడి. పెళ్లయినప్పటినుంచీ పుట్టింటికి పోయిందంతా ఆ కారులోనే. ఇప్పుడు ఒంట్లో ఓపిక తగ్గుతోంది. ఇంకొక్కసారి ఆ కారులోనే పోవాలి, కూతురు నడపాలి.

విమల కారును వేలూరులో ఒక షెడ్డుకు పంపింది. ఇంజను తిరిగింది, బ్రేకులు పట్టాయి, టైర్లు మారాయి. ఒక్క సీటు మాత్రం కదల్లేదు. శెట్టిగారు మంచి పొడగరి. డ్రైవరు సీటును బాగా వెనక్కి తోసుకుని కూర్చునేవాడు. అది అక్కడే తుప్పు పట్టి ఉండిపోయింది. విమల వాళ్లమ్మ పోలిక, పొట్టి మనిషి. ఆ సీట్లో కూర్చుంటే క్లచ్చు మీదికి కాలి వేళ్లు కూడా అందవు.

ఆ షెడ్డువాళ్లు చూసి, సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలూ పోయాయి, బోల్టులూ పోయాయి, చుట్టూ రేకు కూడా మెత్తబడింది, మొత్తం గ్యాసుతో కోసేసి కొత్త సీటు పెడతాం అన్నారు. తప్పేమీ చెప్పలేదు. నేను ఆ షెడ్డులో ఉంటే నేనూ అదే అని ఉండేవాణ్నేమో. కానీ రుక్మిణమ్మగారు వద్దన్నారు. ఇక విమల తేల్చేసింది. కోయకుండా ఎవరైనా తీయగలిగితే సరే, లేకపోతే కారు పాత ఇనుప కొట్టుకు పోతుంది. రేకుల కింద పెట్టుకుని రోజూ చూసి అమ్మ కన్నీళ్లు పెట్టుకోవడం తన వల్ల కాదు.

నేను వెళ్లాను. రుక్మిణమ్మగారు వెనక వాకిట్లో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. నాకు ఒక్క మాటే చెప్పారు.

"ఆయన కూసున్న చోటును కొయ్యొద్దు నాయనా. ఆ సీటు ఇంగా ఆయన మాదిరే ఒరిగి ఉండాది."

చూశాను. నిజమే. సీటు ఎడమవైపు కొంచెం కుంగి, వీపు దగ్గర పల్లం పడి ఉంది. సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి ఒక పక్కకు వాలి కూర్చునే తీరు అది. పట్టేసిన బోల్టులు చాలా చూశాను, ఒక మనిషిని పట్టుకుని ఉన్న బోల్టులను అప్పుడే చూశాను.

ముందు వైపు బోల్టులు పెద్దగా ఏడిపించలేదు. వెనక వైపువే అసలు చిక్కు. వాటి నట్లు కారు కింద ఉన్నాయి, మూలలు అరిగి గుండ్రంగా అయిపోయాయి. చుట్టూ రేకు పెళుసైన అప్పడంలా ఉంది. గట్టిగా తిప్పితే బోల్టుతో పాటు రేకూ చినుగుతుంది, రేకుతో పాటు సీటును మోసే అడ్డ కమ్మీ కూడా పోతుంది. అప్పుడు ఆ కారుకు ఇనుప కొట్టు తప్ప దారి లేదు. పక్కనే పెట్రోలు పైపు పోతోంది, మంట పెట్టడానికి లేదు.

నాకు ఒక సంగతి వింతగా అనిపించింది. కారు మొత్తం మీద తుప్పు మామూలుగానే ఉంది. పక్క సీటు బోల్టులు శుభ్రంగా ఉన్నాయి. ఈ ఒక్క సీటు కిందే ఇంత తుప్పు ఏమిటి? వాన నీళ్లు కారితే రెండు పక్కలా కారాలి. సీటు కిందికి చెయ్యి పెడితే చెమ్మగా, గరగరగా ఏదో తగిలింది. పట్టాలకు అతుక్కుపోయి ఉంది, రాలేదు. సీటు తీస్తే గానీ తెలియదనుకున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లు రోజూ పొద్దున్నే వెళ్లి నూనె వేయడం, సుత్తితో టక్ టక్ మనిపించడం, రుక్మిణమ్మగారు ఇచ్చిన కాఫీ తాగి ఇంటికి రావడం. అదే పని. ఏదో పెద్ద పనివాడని పిలిస్తే ఈయన కాఫీకి వస్తున్నాడే అని విమల అనుకునే ఉంటుంది. పైకి అనలేదు. నా మోకాళ్ల మీద దయతలచి కారును ఎత్తు మీద నిలబెట్టించింది, అది మాత్రం గొప్ప ఉపకారం.

తర్వాత టంకం పెట్టే పెద్ద రాగి కడ్డీని పొయ్యిలో ఎర్రగా కాల్చి, ఒక్కొక్క నట్టుకు ఆనించి పట్టాను. మంట లేదు, వేడి నట్టుకు మాత్రమే. దాని మీద మైనం. కరిగి లోపలికి పోయింది. చల్లారనిచ్చి మళ్లీ కడ్డీ, మళ్లీ మైనం. నట్టు మూలలను ఆకురాయితో చదును చేసి, చిన్న సైజు రింగు స్పానరును సుత్తితో కొట్టి ఎక్కించాను. కళ్లు మూసుకుని ముందు బిగించాను. చిట్ అంది. ఏకాంబరం మేస్త్రీ, నువ్వు ఎక్కడున్నావో గానీ నీకు దండం అనుకున్నాను. వచ్చిందా అని విమల అడిగింది. ఇంకా లేదు, రావడానికి ఒప్పుకుంది అన్నాను.

సాయంత్రానికి చివరి నట్టు వచ్చింది. రేకు చినగలేదు, ఒక్క బోల్టు విరగలేదు. సీటు ఎత్తే ముందు, అది ఆగి ఉన్న చోట పట్టా మీద ఉలితో చిన్న గీత గీశాను. శెట్టిగారి చోటు ఎక్కడో రేపు ఎవరికైనా కావలసి రావచ్చు.

ఉప్పు

సీటు ఎత్తి పక్కన పెట్టాం. కింద మూటలు. లుంగీ అంచుల నుంచి చింపిన గుడ్డపేలికలతో కట్టిన చిన్న చిన్న ముడులు. కొన్నింటిలో గుడ్డ మాత్రమే మిగిలింది, లోపలిది ఎప్పుడో కరిగిపోయింది. కొన్ని రాయిలా గట్టిపడి ఉన్నాయి. ఒకటి గోటితో గీరి నాలుక మీద పెట్టుకుని చూశాను. రాళ్ల ఉప్పు.

విమల చూడగానే గుర్తుపట్టింది. అవి దిష్టి మూటలు. ప్రతి అమావాస్యకూ వాళ్లమ్మ దోసెడు ఉప్పు తీసుకుని శెట్టిగారికీ కారుకూ తిప్పి, మూట కట్టి ఆయన చేతికి ఇచ్చేది. దారిలో పాలారు ఏరు దాటేటప్పుడు నీళ్లలో కలపమనేది. చాలా ఇళ్లలో ఆ ఉప్పు కుళాయి కింద పోసేస్తారు. రుక్మిణమ్మగారి పుట్టింటి పద్ధతి వేరు, పారే నీళ్లలోనే కలవాలి. తిరుపత్తూరు పోయినా వేలూరు పోయినా ఆయన పాలారు దాటాలి గనక సరిపోయింది.

ఆ ఉప్పు వానాకాలమంతా చెమ్మ పీల్చుకుని, సీటు కింద ఇనుమును తింటూ కూర్చుంది. కంచే చేను మేసిందంటే ఇదే.

విమల ముఖం మాడిపోయింది. గొంతు తగ్గించి అంది.

"అన్నా, ఇది అమ్మకు చెప్పొద్దు. నా చేత్తోనే ఆయన కారును పాడు చేస్తిని అనుకుంటాది. ఇంగ నిద్ర పోదు."

అడకత్తెరలో పోకచెక్క అయింది నా పని. విరిగింది యజమాని కంట్లో పడాలన్నది మేస్త్రీ మాట. కానీ మేస్త్రీ చెప్పింది మనం విరిచినదాని గురించి. ప్రేమతో చేసిన పని వల్ల పాడైనదాని గురించి ఆయన ఏమీ చెప్పలేదు. నిజం చెబుతున్నాను, రుక్మిణమ్మగారు అడగకపోతే నేనూ నోరు మూసుకుందామనే అనుకున్నాను. విమల మూటలను పాత పేపరులో చుట్టబోతోంది.

రుక్మిణమ్మగారు మజ్జిగ గ్లాసుతో వచ్చి నిలబడ్డారు. గ్లాసు నా చేతికి ఇచ్చి, వంగి పేపరులోంచి ఒక ముడి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. అది తాను కట్టిన ముడే అన్నారు. తర్వాత సీటు కింద చిల్లులు పడిన రేకును చూశారు.

"దీన్ని ఏం తినింది నాయనా?"

అడిగాక ఇంకేం ఉంది. ఉప్పమ్మా అన్నాను. ఉప్పు తేమ పీల్చి ఇనుమును తింటుంది అని చెప్పాను. విమల నా వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది.

ఆమె కుర్చీలో కూర్చున్నారు. మేమిద్దరం కారు గురించి బాధపడతారనుకున్నాం. ఆమె బాధ అది కాదు.

"ఇవి పాలారులో గదా ఉండాల. కలిపినావా అని నేను అడిగితే ప్రతిసారీ ఊ అనేవాడే. నాతో అబద్ధం చెప్పినాడా?"

అన్నాళ్లూ సరిగ్గా చేసిన పని వల్ల ఈ ఇంటికి ఏం తెచ్చిపెట్టానా అనిపించింది. ఒక ముసలామె తన సంసారం మొత్తాన్ని ఆ ఒక్క ఊ మీద ఆనించి అడుగుతోంది. సీటు కదలకపోయినా బాగుండేది.

అప్పుడు విమల వాళ్లమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. ఆమె చేతిలోని ముడి మీద చెయ్యి పెట్టింది. తర్వాత చెప్పింది.

"లేదు మా. నేను చూసినాను. చిన్నప్పుడు నాయనతో తిరుపత్తూరుకు పోతా ఉంటే వంతెన మింద కారు ఆపినాడు. ఈ ముడి చేతిలో పట్టుకోని కిందికి చూసినాడు. అంతా ఇసుకే. మీ అమ్మ పారే నీళ్లలోనే కలపమనింది పాపా, నీళ్లు రానీ, అప్పుడు కలుపుదాం అన్నాడు. మళ్లా సీటు కింద పెట్టుకున్నాడు. అమ్మకు చెప్పొద్దు, దిగులు పడతాది అన్నాడు. నేను మరిచిపోతిని."

పాలారులో నీళ్లు లేవని తెలియనివాళ్లు ఈ జిల్లాలో ఎవరూ లేరు. మేం ఏరు అన్నామంటే ఇసుక అని అర్థం. రుక్మిణమ్మగారు మాత్రం ఎక్కడో ఒక పక్క సన్నగా అయినా పాయ పారుతూ ఉంటుందిలే అనుకున్నారట. ఆయన ఆ ఉప్పును దారిలో ఏ కాలువలోనో పారేసి ఉండవచ్చు, ఇసుకలో విసిరేసి ఉండవచ్చు. అదీ చేయలేదు. నీళ్లు లేవని చెప్పి ఆమెను దిగులుపెట్టనూ లేదు. నీళ్లు వచ్చేదాకా దాచుకున్నాడు. ఏరు రాలేదు, ఆయన వెళ్లిపోయాడు, మూటలు కాచుకుని ఉన్నాయి.

ఆమె ఆ ముడిని గుప్పిట్లో పెట్టుకున్నారు. కళ్లు తుడుచుకోలేదు, కారనిచ్చారు. తర్వాత కూతురి తల మీద చెయ్యి వేసి, అమ్మకు చెప్పొద్దు అనే జబ్బు మీ నాయన నుంచే నీకు వచ్చింది అన్నారు. అని నా వైపు తిరిగారు.

"కారును తింటే తిననీ నాయనా. ఆయన మటుకు ప్రతిసారీ ఇంటికొచ్చినాడు గదా."

నేను మజ్జిగ తాగాను. అందులో కూడా ఉప్పుంది. ఆ పూట అది చాలా రుచిగా అనిపించింది.

వంతెన

పట్టాలను మైనంతో వదులు చేశాను. పాడైన రేకు మేరకు మాత్రం తెలిసిన వెల్డరు చేత చిన్న అతుకు వేయించాను. సీటును అదే కుంగుతో, అదే ఒరుగుతో మళ్లీ బిగించాను. దూది మార్చనివ్వలేదు రుక్మిణమ్మగారు. కొత్త బోల్టుల మరలకు గ్రీజు రాసి పెట్టాను. ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇదొక్కటి మర్చిపోకూడని మాట. మీరు ఈ రోజు బిగించే బోల్టును ఎప్పుడో ఎవరో విప్పాలి. ఆ మనిషి మీకు తెలియకపోవచ్చు, అతని మీద దయ ఉంచండి.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. ఈ మధ్య పాలారు అప్పుడప్పుడూ మనల్ని ఆశ్చర్యపెడుతోంది. ఏరు పారుతోందని తెలియగానే విమల ఫోను చేసింది. మేల్పాడికి పాలారు దాటే పని లేదు, అయినా ముందు వంతెన, తర్వాతే మేల్పాడి అని అమ్మ అంటోందట. నన్నూ రమ్మంది. సీటు మధ్యలో కదిలితే చూసుకోవడానికి అని పైకి చెప్పింది.

నేను వెనక కూర్చున్నాను. ముందు తల్లి, కూతురు. విమల సీటును ముందుకు లాక్కుని, మొదట్లో కొంచెం భయపడుతూ, ఊరు దాటాక హాయిగా నడిపింది. రుక్మిణమ్మగారి ఒళ్లో ఆ మూటలు ఉన్నాయి. బయటికి చూస్తూ, ఇక్కడ ఒకసారి టైరు పోయింది, ఇక్కడ ఆయన నాకు చెరుకు రసం ఇప్పించాడు అని చెబుతూ వచ్చారు.

వంతెన మీద ఒక పక్కగా ఆపాం. కింద ఎర్రటి నీళ్లు ఒడ్డు నుంచి ఒడ్డుకు పారుతున్నాయి. జనం కూడా చూడటానికి వచ్చి నిలబడి ఉన్నారు. నీళ్లు చూడటానికి జనం వచ్చే ఏరు మాది. రుక్మిణమ్మగారు నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి నడిచారు. గట్టిపడిన ఒక్కొక్క ముడినీ ఆమే విప్పారు. నేను సాయం చేయబోయి ఆగిపోయాను. ఆ ముడులు ఆమె వేళ్లకు తెలిసినవి, వాటికి నా పనితనం అక్కర్లేదు. ఉప్పును ఏటిలోకి వదిలి, గుడ్డపేలికలను మడిచి కొంగున కట్టుకున్నారు. ఆమె పెదవులు కదిలాయి.

కారులోకి వచ్చి కూర్చున్నాక, సంచిలోంచి ఇంకొక మూట తీశారు. కొత్తది. ఆ పొద్దున కూతురికీ కారుకూ తిప్పి కట్టిందట. నా వైపు తిరిగి చూసి, సీటు కింద పెట్టనులే నాయనా అన్నారు. మూటను విమల చేతికి ఇచ్చారు. విమల దిగి, గోడ దాకా వెళ్లి, ముడి విప్పి ఉప్పును నీళ్లలోకి వదిలింది. కాసేపు అక్కడే నిలబడి కిందికి చూసింది. తిరిగి వచ్చి తలుపు తీసింది.

"కలిపినావా?" అన్నారు రుక్మిణమ్మగారు.

"ఊ" అంది విమల.

ఆమె నవ్వారు. నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. విమల ఎక్కి కూర్చుని సీటును ముందుకు లాక్కుంది. అది చప్పుడు లేకుండా జరిగింది. కారు మేల్పాడి వైపు తిప్పాం.